బాబుగారి నీళ్ల మాత్ర

1991 వేసవిలో జూబ్లీహిల్స్‌లోని ఒక స్టూడియోలో కొత్త చిత్రానికి ఛాయాగ్రాహకుడిగా చేరాను. కథానాయకుడు కాలేజీ కుర్రాడు. ఆ వేషం కట్టిన బాబుగారికి అరవై దగ్గరపడుతున్నాయి. యూనిట్‌లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

మొదటి వారం రషెస్, అంటే ఏ రోజుకారోజు తీసిన ముక్కలు, వేసి చూస్తే క్లోజప్పుల్లో బాబుగారి కళ్ల కింద ఇంతేసి సంచులు! తెర మీద ముఖం బాగుంటే అది హీరో అందం, బాగోకపోతే కెమెరామన్ చేతకానితనం. ఇదీ మా పరిశ్రమ ధర్మం. నిర్మాత నన్ను పిలిచి, "వచ్చే సోమవారంలోగా ఆ కళ్లు బాగవకపోతే కెమెరామన్‌ని మారుస్తానండీ" అన్నాడు. లెన్సు ముందు పల్చటి వలగుడ్డ కట్టాను, గడ్డం కింద చిన్న లైటు పెట్టాను. సంచులు కదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

బాబుగారి ముఖానికి పౌడరద్దే టచప్‌మన్ యాదగిరి బోరబండ మనిషి, పదిహేనేళ్లుగా ఆయన వెంటే ఉన్నాడు. పక్కకు పిలిచి అడిగాను.

"బీపీకని డాక్టరు నీళ్ల గోలీ ఇచ్చిండు సార్. పొద్దుగాల వేసుకోమన్నడు. ఈయన పండుకునే ముందు వేసుకుంటుండు. రాత్రి ఐదుసార్లు ఒంటికి లేస్తుండు. ఇగ నిద్ర యాడిది?"

పొద్దున వేసుకుంటే సెట్లోంచి మాటిమాటికీ బాత్రూముకు వెళ్లాలి, వెళితే వయసు బయటపడుతుందని ఆయన భయమట. ఓరి నాయనో, ఆయన మాత్రతో నా అన్నం ముడిపడిందన్నమాట!

సెట్లో ఒక ఆనవాయితీ ఉంది. కెమెరామన్ "లైటింగ్!" అంటే నటులు తమ గదికి వెళ్లిపోతారు, దర్శకుడైనా ఎందుకని అడగడు. యాదగిరి ద్వారా బాబుగారికి కబురంపాను, మాత్ర డాక్టరు చెప్పిన వేళకే వేసుకోమని, మిగతాది నేను చూసుకుంటానని. మర్నాటి నుంచి, బాబుగారికి అవసరమని యాదగిరి భుజం మీది తువ్వాలు తీసి దులిపితే చాలు, "లైటింగ్, పది నిమిషాలు!" అని అరిచేవాణ్ణి. లైట్‌మెన్ ఒకే లైటును అటు జరిపి ఇటు జరిపేవారు. పెద్దమనిషి దర్జాగా వెళ్లి వచ్చేవాడు.

రాత్రి లేవడం ఒకసారికి తగ్గింది. సోమవారానికి సంచులు పోయాయి. నా ఉద్యోగం నిలిచింది.

బాబుగారి తర్వాతి చిత్రానికి మాత్రం వేరే కెమెరామన్‌ను పెట్టుకున్నారు. కారణమేమిటని నిర్మాతనే అడిగాను.

"ఫొటోగ్రఫీ బ్రహ్మాండమండీ. కానీ లైటింగ్‌కి మీరు మరీ ఆలస్యం చేస్తారని బాబుగారే చెప్పారు."

ఆ తర్వాత పెద్దవయసు హీరోల కళ్లు ఉబ్బి కనిపిస్తే, లైటు ముట్టుకునే ముందు రాత్రి ఎన్నిసార్లు లేచారో కనుక్కునేవాణ్ణి. ఇంకొకరి బాత్రూము ఆలస్యం మాత్రం మళ్లీ నా ఖాతాలో వేసుకోలేదు.