నా పేరు మీద గానుగ

మా ఆయనకు నరసరావుపేటలో హోల్‌సేల్ కిరాణా షాపు ఉంది. షాపు వెనక గోడౌన్‌లో చెక్క గానుగ పెట్టి వేరుశనగ నూనె తీయించాలన్న ఆలోచన ఆయనదే. జనం మళ్ళీ గానుగ నూనె అడుగుతున్నారు, బయటి నుంచి తెప్పించి అమ్మేకంటే మనమే తీస్తే నయం అనుకున్నారు. షాపు ఆడిటర్ ఒక సలహా ఇచ్చాడు. కొత్తగా చిన్న యూనిట్ పెట్టుకునేవాళ్ళకు ప్రభుత్వం కొంత సొమ్ము ఇస్తుందట, అది తిరిగి కట్టక్కర్లేదట, ఆడవాళ్ళ పేరు మీద పెడితే ఆ వాటా ఇంకా పెరుగుతుందట. ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు ఆ సంగతి నాతో అన్నారు.

“నీ ఆధార్, పాన్ ఇయ్యి. ఫోటోలు ఉన్నయ్యా?”

“ఎందుకు?”

“గానుగ నీ పేరు మీద పెడుతున్నాం.”

ఫోటోలు లేవు. సాయంత్రం వెళ్ళి తీయించుకొచ్చాను. రెండు రోజుల తరవాత కాగితాల కట్ట వచ్చింది. పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేశాను. అందులో ఏముందో నేను చూడలేదు, ఎవరూ చూడమనలేదు. నేను బీకాం రెండో సంవత్సరంలో ఆపేసి పెళ్ళి చేసుకున్నదాన్ని. ఇరవై ఏళ్ళుగా నా సంతకం పిల్లల ప్రోగ్రెస్ రిపోర్టుల మీద తప్ప పెద్దగా ఎక్కడా పడలేదు.

నెల తిరక్కుండానే పరిశ్రమల ఆఫీసు నుంచి చూడటానికి వస్తున్నామని ఫోన్ వచ్చింది. వచ్చినావిడకు ముప్పై ఏళ్ళుంటాయేమో. చేతిలో నా ఫైలు. గోడౌన్ అంతా చూసి, కుర్చీలో కూర్చుని, మా ఆయనతో మర్యాదగానే అంది.

“సార్, మీరు కాసేపు షాపులో ఉండండి. నేను మేడమ్‌తో మాట్లాడాలి.”

ఆయన నా వంక ఒకసారి చూసి వెళ్ళారు. ఆవిడ ఫైలు తెరిచింది.

“ఒక వాయికి ఎన్ని కేజీల వేరుశనగ గుళ్ళు పోస్తారండీ?”

నాకు తెలియదు. తెలియదన్నాను.

“ఎంత నూనె వస్తుంది?”

“అదీ తెలియదండీ. మావారికి తెలుసు.”

“నూనె తీయగా మిగిలిన పిండి ఏం చేస్తారు?”

నేను షాపు వైపు చూశాను. ఆవిడ గొంతు పెంచలేదు. “మీరు సంతకం పెట్టిన ఈ ప్రాజెక్టు రిపోర్టు చదివారా?” అని మాత్రం అడిగింది. ఇంగ్లీషులో ఉందన్నాను. “బీకాం అని రాశారుగా” అంది. లేచేటప్పుడు, “రిజెక్ట్ చేయట్లేదండీ, వెనక్కి పంపుతున్నా. మీరే నడుపుతానంటే మళ్ళీ పెట్టుకోండి” అని చెప్పి వెళ్ళింది. తెప్పించిన టీ అలాగే చల్లారిపోయింది.

మా ఆయనకు కోపం వచ్చింది. “ఏదో నాలుగు ముక్కలు చెప్పి ఉండొచ్చుగా. ఇంత చిన్నదానికి పని చెడగొట్టావు” అన్నారు. తరవాత అంతకంటే నొప్పి పుట్టే మాట ఒకటి అన్నారు, ఏమాత్రం కోపం లేకుండా.

“పోనీలే, తమ్ముడి భార్య పేరు మీద పెడదాం. ఆ అమ్మాయి కాస్త మాట్లాడగలదు.”

మర్నాడు ఆయన షాపుకు వెళ్ళాక ఇంట్లో ఉన్న ఆ రిపోర్టు కాపీ తీసి భోజనాల బల్ల మీద పెట్టుకుని చదివాను. తెలియని మాటలు ఫోన్‌లో చూసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. మూడో రోజున ఒక పేజీలో ఎండుకొబ్బరి ముక్కలు ఎలా ఆరబెట్టాలో కనిపించింది. వెనక్కీ ముందుకీ తిప్పాను. ఎవరో కొబ్బరి నూనె మిల్లు కోసం రాయించుకున్న రిపోర్టులో పేర్లు మార్చి మాకు ఇచ్చారు, ఆ పేజీ మార్చడం మరిచిపోయారు. నేను సంతకం పెట్టింది దాని కింద. ఆ సంగతి మా ఆయనతో చెప్తే, “అందరివీ అట్టాగే ఉంటయ్యిలే” అన్నారు.

అప్పుడు అన్నాను, నేను గానుగ నేర్చుకుంటానని. ఆయన నవ్వలేదు గానీ నమ్మనూ లేదు; తమ్ముడి భార్య మాట మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టారు.

మాచర్లలో మా పిన్ని ఉంటుంది. వాళ్ళ వీధి చివర నన్నెరిగిన ఒక పెద్దావిడ గానుగ ఆడిస్తుంది. భర్త పోయాక ముప్పై ఏళ్ళుగా ఆమే నడుపుతోంది. ఎడ్ల గానుగ పోయి మోటారు వచ్చినా చెక్క రోలు, చెక్క రోకలి అవే. బస్సెక్కి వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాను.

“ఏందమ్మాయ్, నూనెకొచ్చావా?”

“నేర్చుకోవడానికి వచ్చాను పెద్దమ్మా.”

ఆమె నా చీర వైపూ చేతుల వైపూ చూసింది. “పేటలో కొట్టున్నోళ్ళకు ఇదెందుకే? సరే, పొద్దున్నే ఆరింటికి రా. పాత చీర కట్టుకో” అంది.

పన్నెండు రోజులు పిన్ని ఇంట్లోనే ఉన్నాను. గుళ్ళను రెండు వేళ్ళ మధ్య నలిపితే పొట్టు ఊడిపోవాలి, లేదంటే ఇంకా ఎండాలి. వాయికి పదిహేను కేజీలు పోయాలి. మధ్యలో నీళ్ళు చిలకరించాలి, ఎక్కువైతే పిండి ముద్ద కట్టి రోలుకు పట్టుకుంటుంది. నీళ్ళు ఎన్ని అని నేను గ్లాసు పట్టుకుని అడిగితే ఆమె విసుక్కుంది. “గ్లాసుతో కొలిస్తే రాదు. పిండి వంక చూడు, అదే చెబుద్ది.” నేను పాడుచేసిన రెండు వాయిల గుళ్ళ ఖరీదు ఇస్తానంటే తీసుకోలేదు, ఆ ముద్దను నాచేతే గీకించింది. పదిహేను కేజీలకు ఆరు కేజీల నూనె వస్తే గొప్ప. ఆ రిపోర్టులో తొమ్మిదని ఉంది. ఆ మాట చెబితే ఆమె చానాసేపు నవ్వింది. “ఆ గానుగేదో నాకూ చూపిచ్చమ్మాయ్.”

ఆ తరవాత కూడా వారానికి ఒకసారి వెళ్ళేదాన్ని. నా గుళ్ళు నేనే తీసుకెళ్ళి, ఆమె గానుగలో నేనే ఆడించుకుని, డబ్బాల్లో పేటకు తెచ్చి, తెలిసినవాళ్ళ ఇళ్ళకు ఇచ్చేదాన్ని. అలా పదకొండు ఇళ్ళు అయ్యాయి.

రిపోర్టు కొత్తగా నేనే రాసుకున్నాను, తెలుగులో. ఇంగ్లీషులోకి మా అమ్మాయి మార్చి టైపు చేసింది. పాతదాంట్లో మూడు గానుగలు ఉంటే, నేను ఒకటే పెట్టాను. దాని మీద మా ఆయనకూ నాకూ మాటా మాటా పెరిగింది.

“ఒకటైతే ప్రభుత్వం ఇచ్చేది కూడా తగ్గిద్ది. ఎట్టాగూ అడుగుతున్నప్పుడు మూడడిగితే ఏం పోయింది?”

“మూడు నేను చూసుకోలేనండీ.”

“మనిషిని పెడదాం.”

“అప్పుడు నన్ను అడిగితే మళ్ళీ తెలియదనాలి.”

ఆయన చెప్పులేసుకుని షాపుకు వెళ్ళిపోయారు. మూడు రోజులు పొడి మాటలే. నాలుగో రోజు నేను ఆటో ఎక్కి ఒక్కదాన్నే ఆఫీసుకు వెళ్ళి కాగితాలు ఇచ్చాను.

ఈసారి కూడా ఆవిడే వచ్చింది. గుళ్ళు, నీళ్ళు, పిండి, మడ్డి పేరుకోవడానికి నూనెను ఎన్నాళ్ళు కదపకుండా ఉంచాలి, అన్నీ అడిగింది, అన్నీ చెప్పాను. పిండి గేదెలున్నవాళ్ళు ముందే చెప్పి పెట్టుకుంటారని కూడా చెప్పాను. అప్పుడు పెన్ను కింద పెట్టి ఇంకో మాట అడిగింది.

“ప్యాకెట్ నూనె ఇంత చవగ్గా దొరుకుతుంటే మీది ఎవరు కొంటారండీ?”

కొంటున్నవాళ్ళ ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఇచ్చాను. ఆవిడ అక్కడే కూర్చుని అందులో ఒక నంబరుకు ఫోన్ చేసింది, స్పీకర్ పెట్టి. అవతల మాట్లాడింది మా రెండో వీధి ఆవిడ.

“నూనె చానా బాగుందండీ. గానీ అడుగున మడ్డి వస్తుంది. ఆ సంగతి ఆమెకు చెప్పండి, నాకు మొహమాటం.”

ఆఫీసరు ఫోన్ పెట్టేసి, “ఇంకో రెండు రోజులు పేరుకోనివ్వండి” అని చెప్పి, కాగితం మీద ఏదో రాసుకుంది. తరవాతి నెలలో ఫైలు బ్యాంకుకు వెళ్ళింది.

బ్యాంకు మేనేజరు మంచివాడే గానీ, నన్ను కూర్చోబెట్టి, “మీవారిని ఒకసారి రమ్మనండమ్మా” అన్నాడు. ఆయన వచ్చారు. మేనేజరు కుర్చీ ఆయన వైపు తిప్పుకుని కరెంటు ఎంత కాలుతుంది, సరుకు ఎక్కడిది అని అడగడం మొదలుపెట్టాడు. మా ఆయన కాసేపు విని, “అయ్యన్నీ ఆమెకే తెలుసండీ, ఆమెనడగండి” అన్నారు. ఆ మాట విసుగుతో అన్నారో, మరోలా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు.

గ్రాంటు, అదే ఆ తిరిగి కట్టక్కర్లేని సొమ్ము, చేతికి వస్తుందనుకుంటారు. రాదు. బ్యాంకు అప్పు ఇస్తుంది, గ్రాంటు సొమ్ము అదే బ్యాంకులో మన పేరు మీద డిపాజిట్‌గా ఉంటుంది. మూడేళ్ళు యూనిట్ నడిస్తే దాన్ని అప్పులో సర్దుతారు. ఆ మూడేళ్ళలో మోటారు రెండుసార్లు కాలింది, ఒక వానాకాలం గుళ్ళకు బూజు పట్టి పారబోశాను. అయినా నడిపాను. పోయిన సంవత్సరం అధికారులు వచ్చి చూసి, ఆ సొమ్ము అప్పులో సర్దేశారు.

నాకు వచ్చిందని తెలిసి మాచర్ల పెద్దమ్మ అడిగింది, “నాకూ వచ్చిద్దేమో కనుక్కోవే” అని. ఆమె కాగితాలు పట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. కొత్తగా పెట్టేవాళ్ళకే అన్నారు. నడుస్తున్న యూనిట్లకు వేరే పథకం ఉంది గానీ, దానికి రిజిస్ట్రేషన్, మూడేళ్ళ బిల్లులు కావాలి. ముప్పై ఏళ్ళలో ఆమె ఎవరికీ బిల్లు ఇచ్చింది లేదు.

ఫోన్‌లో చెప్పాలనిపించక, బస్సెక్కి వెళ్ళాను. ఆమె రోలు తుడుస్తోంది.

“రాదంట పెద్దమ్మా.”

“ఎందుకంట?”

“పాతది కాబట్టంట. ముందు రిజిస్ట్రేషన్ చేయిద్దాం, బిల్లులు రాయడం మొదలుపెడదాం. మూడేళ్ళ తరవాత అడగొచ్చు.”

ఆమె మళ్ళీ రోలు తుడవసాగింది. నాకు నేర్పిన మనిషికి రానిది నాకు వచ్చిందని నాకు తలెత్తాలనిపించలేదు.

“రిజిస్ట్రేషన్‌కు ఏం కావాలి?” అంది చివరికి.

“ఆధార్. ఫోన్‌లోనే అయిపోయిద్ది.”

ఆమె లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బా వెనక నుంచి ఆధార్ కార్డు తీసుకొచ్చి నాకిచ్చింది. నేను గుమ్మంలో కూర్చుని ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తుంటే, ఆమె రోట్లో గుళ్ళు పోసి మోటారు వేసింది.