కుప్పం బస్సు కండక్టర్ గుండెదడ, ఒక బయటి యాప్

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే బస్సులో నేను కండక్టర్ని. పద్నాలుగేళ్ల సర్వీసు. గంటలకొద్దీ నిలబడటం, నోరు పెట్టుకుని బతకడం రెండూ బాగా వచ్చు. అలాంటి నాకు ఒక మధ్యాహ్నం పుంగనూరు దాటాక నోట మాట రాలేదు.

టికెట్ మిషన్‌లో వేసే పేపర్ రోల్ సీటు కిందికి దొర్లితే వంగి తీశాను. లేచేసరికి గుండె దడదడమని కొట్టుకోవడం మొదలైంది. మెట్లెక్కితే వచ్చే ఆయాసం కాదది. స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా వచ్చింది. మెడ నరాలు ఎగిరిపడుతున్నాయి, కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. నా సీటులో కూలబడ్డాను. మా డ్రైవర్ రెడ్డెప్పన్న అద్దంలో చూసి బండి పక్కకు తీశాడు.

“ఏమైందమ్మా సరోజా, యాల అట్లుండావు?”

“గుండె ఒకటే దడగా ఉండాదన్నా.”

గంగవరం చేరేలోపు, వచ్చినట్టే పోయింది. పలమనేరులో ఈసీజీ తీశారు. నార్మల్.

తర్వాత రెండు నెలల్లో అయిదారుసార్లు వచ్చింది. ఆస్పత్రికి చేరేలోపు ఆగిపోయేది. ఎకో నార్మల్, థైరాయిడ్ నార్మల్. మదనపల్లెలో చూపించుకున్న డాక్టరు రిపోర్టులు పక్కన పెట్టి, “ఇది యాంగ్జైటీ అమ్మా. డ్యూటీ టెన్షన్. బాగా నిద్రపోండి” అని మాత్ర రాశాడు. నా బస్సులో టెన్షన్ పడేది టికెట్ తీయనివాళ్లు, నేను కాదు. రెండు వారాలు ఆ మాత్ర వేసుకుంటే డ్యూటీలో కునికిపాట్లు వచ్చాయే గానీ దడ తగ్గలేదు.

డిపోలో ఇంకో కథ మొదలైంది. డ్యూటీలు వేసే కంట్రోలర్ అందరి ముందే అన్నాడు: “ఈసీజీ బాగుండాది, ఎకో బాగుండాది. దూరం లైనేస్తేనే వస్తాదా నీకు దడ?” నలుగురు నవ్వారు. ఇంకోసారి దారిలో బండి ఆగితే నన్ను బస్సు దించి ఆఫీసులో కూర్చోబెడతామన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. జబ్బుకు కాదు, పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అబద్ధపు లీవు పెట్టని నన్ను నాటకాలాడుతున్నానన్నందుకు.

నా బాధ చూడలేక మా ఆయన ఒక డిజిటల్ వాచీ కొనుక్కొచ్చాడు. బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపితే నాడి చూపిస్తుందట. కానీ దానితో వచ్చిన కంపెనీ యాప్ రోజు మొత్తానికి ఒక్క యావరేజ్ ఇచ్చేది. దడ వచ్చిన రోజు కూడా డెబ్భై ఎనిమిది, గుడ్ అని పచ్చ గుర్తు పెట్టేది. దాన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆ మాటే కుప్పం బస్టాండులో టీ తాగుతూ రెడ్డెప్పన్నతో అన్నాను. ఆయనకు ఫోన్లంటే పిచ్చి.

“ఆ కంపెనీ యాప్ తీసేయమ్మా. బయటోళ్లెవరో ఇంకోటి చేసిండారు. దాంట్లో నిమిషం నిమిషం సూడొచ్చు. నా వాచీకి అదే పెట్టుకోనుండా.”

ఎక్కిస్తుంటే ఇది ప్రమాదం అని ఫోన్ రెండుసార్లు హెచ్చరించింది.

“ఏమన్నా అయితే అన్నా?”

“అయితే ఫోన్ పోతాది. నువ్వు పోవు గదా.”

ఆ యాప్ నా పేరు అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు. అంకెలన్నీ నా ఫోన్‌లోనే ఉంచింది. చూడ్డానికి అందంగా ఉండదు, వాచీ చార్జింగ్ ఒకటిన్నర రోజుకే అయిపోయేది, అప్పుడప్పుడు బ్లూటూత్ తెగిపోయేది. అయినా నిమిషానికో అంకె చూసి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

వారం గ్రాఫ్ పట్టుకుని తిరుపతిలో ఒక కార్డియాలజిస్టు మేడమ్ దగ్గరికి వెళ్లాను. రోజూ పలమనేరు నుంచి కుప్పం దాకా నూట యాభై! ఇక ఎవరు కాదంటారో చూద్దామని కూర్చున్నాను. ఆమె చూసి, “ఈ టైములో మీరేం చేస్తుంటారు?” అంది.

“పైన కమ్మీ పట్టుకుని టికెట్లు కొడతాను మేడమ్.”

ఆమె నవ్వింది. “ఇది మీ పల్స్ కాదమ్మా, రోడ్డు గతుకులు. చేతి ఊపును వాచీ గుండె అనుకుంది.”

నా పరువు పోయినంత పనైంది. ఆమె మాత్రం గ్రాఫ్ పక్కన పడేయలేదు. “బస్సు ఆగి ఉన్నప్పుడు వచ్చినవే నాకు కావాలి. మొదలైన నిమిషం, ఆగిన నిమిషం, అప్పుడు మీరేం చేస్తున్నారో రాసుకురండి” అంది.

ఆ పని నాకంటే బాగా ఎవరు చేస్తారు? ఏ స్టేజీలో ఏ టైముకు టికెట్ కొట్టానో మిషన్‌లో ఉంటుంది. బండి కదులుతున్నప్పటి అంకెలన్నీ కొట్టేశాను. మూడు వారాలకు నాలుగు మిగిలాయి. ఒకటి పలమనేరు బస్టాండులోది: ఒక నిమిషం డెబ్భై ఆరు, మరుసటి నిమిషం నూట ఎనభై నాలుగు. పదకొండు నిమిషాలు అలాగే ఉండి, వెంటనే ఎనభై రెండు. నాలుగింట్లో మూడు నేను వంగి లేచినప్పుడు వచ్చినవే.

ఈసారి మేడమ్ నవ్వలేదు. “సడన్ ఆన్‌సెట్, సడన్ ఆఫ్‌సెట్. ఇది యాంగ్జైటీలా లేదు, గుండె కరెంటు తప్పుదారిలో తిరిగితే వచ్చే ఎస్‌వీటీ అనుకుంటున్నా. కానీ వాచీ చూసి ట్రీట్‌మెంట్ చేయను. ఈసీజీలో పట్టాలి” అంది.

ఇరవై నాలుగు గంటలూ ఈసీజీ రాసుకునే హోల్టర్ మిషన్ ఒంటికి పెట్టారు. ఒంటినిండా వైర్లతో ఎన్నిసార్లు వంగి లేచానో! ఒక్కసారీ రాలేదు. “వైర్లు సూసి భయపడిందేమోమ్మా” అన్నాడు రెడ్డెప్పన్న. నాకు నవ్వు రాలేదు. దడ ఉండగానే ఈసీజీ తీయాలని మేడమ్ ఒక చీటీ రాసిచ్చింది. దాన్ని టికెట్ల సంచిలో పెట్టుకుని తిరిగాను.

పది రోజులకు కుప్పం బస్టాండులో వచ్చింది. రెడ్డెప్పన్న నన్ను ఆటోలో ఎక్కించి దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. చీటీ చూపగానే నర్సు వైర్లు తగిలించింది. కాగితం మీద నూట తొంభై. గుండె అలా కొట్టుకుంటున్నా ఆ కాగితం చూసి నవ్వాను. ఇంజెక్షన్ ఇస్తే కొన్ని సెకన్లు ప్రాణం జారిపోతున్నట్టనిపించి, తర్వాత అంతా నిమ్మళించింది.

“గుండెలో కరెంటుకు ఒక ఎక్స్‌ట్రా దారి ఉంది. దాన్ని కాల్చేస్తాం” అంది మేడమ్, ఆ ఈసీజీ చూసి. ఆ దారిని వెతికే ఈపీ స్టడీ, దాన్ని కాల్చే అబ్లేషన్ ఒకేసారి తొడ నరం గుండా చేశారు. రెండు రోజుల్లో ఇంటికొచ్చాను.

మూడో వారంలో గుండె మధ్యమధ్య తప్పి కొట్టుకుంటున్నట్టయింది. వాచీ నలభై ఒకటి చూపింది. వెంటనే ఫోన్ చేస్తే మేడమ్ అడిగింది: “స్ట్రాప్ బిగుతుగా ఉందా? రోజుకెన్నిసార్లు చూస్తున్నారు?” స్ట్రాప్ వదులుగానే ఉంది. ఇక చూడటమంటారా, నలభైసార్లు. “మిస్డ్ బీట్స్ కొన్నాళ్లు ఉంటాయి. రేపొచ్చి ఒక ఈసీజీ తీయించుకోండి, వాచీ మాత్రం ఇప్పుడే తీసేయండి.” తీసి బీరువాలో పెట్టాను. ఈసీజీ బాగుంది. నెలన్నరకు ఆ తప్పడమూ పోయింది.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో డిపోకు వెళ్లిన రోజు, కుప్పంలో తీసిన ఈసీజీ నకలు కంట్రోలర్ బల్ల మీద పెట్టాను. చేతిలోకి తీసుకుని చూశాడు.

“తప్పైపోయిందమ్మా” అన్నాడు.

పర్లేదులే అనలేదు నేను. “అవునన్నా, తప్పే” అన్నాను. మనసులో బరువు దిగిపోయింది.

ఎనిమిది నెలలైంది. మళ్లీ దడ రాలేదు. అదే బస్సు, అదే డ్రైవరు. గుండెదడ ఉన్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. వాచీ అంకెను నమ్మి మందులు మొదలుపెట్టొద్దు, మానేయొద్దు. దడ ఎన్ని గంటలకు మొదలైంది, ఎన్నింటికి ఆగింది, అప్పుడేం చేస్తున్నారు, ఈ మూడూ రాసుకోండి. ఆగకముందే ఈసీజీకి పరుగెత్తండి. ఒక డాక్టరు భయమేనంటే, ఆ కాగితం తీసుకుని ఇంకో డాక్టరు తలుపు తట్టండి. నేను ఆ రెండో తలుపు తట్టబట్టే ఈ రోజు నా కాళ్ల మీద నిలబడి టికెట్లు కొడుతున్నాను.