తాత మాటను తట్టి చూసిన రోజు

నా చిన్నప్పుడు, గోదావరిఖనిలో ఆరో తరగతి చదువుతుండగా, మా కాలనీ ఎలా పుట్టిందో ఇంట్లో పెద్దలను అడిగి రాసుకురమ్మన్నారు సోషల్ టీచర్. బాగా రాసినవాళ్లు మర్నాడు ప్రార్థన దగ్గర అందరి ముందూ చదవాలి. ఆ చదివేది నేనే కావాలని నాకు మహా ఆశ.

మా తాత గనిలో పనిచేసి రిటైరైన మనిషి. అడగ్గానే హుషారుగా చెప్పాడు. "ఏముండె బిడ్డా ఈడ? అంత తుమ్మల అడివి. మేమొచ్చి గని తవ్వినంకనే ఊరైంది." అదే అందంగా రాసుకుని పైకి చదివాను. వంటింట్లో రొట్టెలు చేస్తున్న బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, పిండి చేతులతోనే వచ్చింది.

"అడివా? ఈడున్న మా నాయిన జొన్నచేను నీ తాతకు అడివి లెక్క కనవడ్డదా? బొగ్గు తప్ప ఆయన కండ్లకు ఇంకేమన్న ఆనిందా ఎన్నడన్న?"

తాత నవ్వాడు. నేను మాత్రం ఏడుపు అందుకున్నాను. తెల్లారితే ఇవ్వాలి. ఎవరి మాట ఉంచాలి, ఎవరిది కొట్టెయ్యాలి?

అప్పుడు తాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన డ్యూటీ సంగతి చెప్పాడు. గనిలో షిఫ్టు మారేటప్పుడు, వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు పైకప్పు గట్టిగానే ఉందని చెప్పి పోతారట. అయినా వచ్చినవాడు ముందు పొడుగాటి కర్రతో కప్పును తట్టి వింటాడట. ఖంగుమంటే పని మొదలు. డొల్లగా మోగితే ఒక్క అడుగు కూడా ముందుకు వేయరు.

"నమ్మక కాదు బిడ్డా. ఆయన చూసింది ఆయన షిఫ్టుల కప్పును. నీ షిఫ్టుల నువ్వే తట్టాలె. పా, నా మాటను తట్టి చూద్దం."

ఇంకా వెలుగుండగానే బయలుదేరాం. బాపమ్మే దారి చూపింది. క్వార్టర్ల వెనక, ముళ్లకంపల మధ్య, రాతితో కట్టిన పాత మోటబావి, ఒకప్పుడు ఎడ్లతో వాళ్ల నాన్న చేనికి నీళ్లు తోడినది. దాని ఒడ్డు బండ మీద మోటతాళ్లు ఏళ్ల తరబడి ఒరుసుకుని పడ్డ గాళ్లు, నిలువు చారల్లాగా. నా వేలు పట్టేంత లోతు. రోజూ ఆ దారినే డ్యూటీకి పోయిన తాత ఆ గాళ్లలో వేలు పెట్టి చూశాడు.

"నిజమే. అడివిల మోట ఎవడు కొడ్తడు? నేనొచ్చేటాల్లకు చేన్లు ఎవ్వలు దున్నక పడావు వడి తుమ్మలు మొలిచినయి. నాకు గదే అడివి."

"ఇప్పటికన్న ఒప్పుకున్నవ్, సంతోషం" అంది బాపమ్మ.

ఇద్దరి మాటలూ రాశాను. నా వేలు తాకిన గాళ్ల గురించి రాశాను. నాకేమనిపించిందో చివర రాశాను. మర్నాడు చదివింది నేనే. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది సాయంత్రం టీ హోటల్ దగ్గర తాత ముఖం. "నా మాటకే కర్ర పెట్టి తట్టింది నా మనవరాలు!" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు, తనకేదో పతకం వచ్చినట్టు.

ఇప్పుడు నా కూతురికి పదకొండేళ్లు. ఇంట్లోనే చదివిస్తున్నాను. నేను చదివింది కామర్స్. చరిత్ర చెప్పాలంటే నాకే భయం. "బడిల సార్లు చెప్పేది నువ్వు చెప్తవా?" అని మా అత్తమ్మ అన్నప్పుడల్లా, పిల్ల చదువు నా చేతుల్లో పాడవుతుందేమో అనిపించేది. ఏ వారం ఏం చదివించాలో, ఏం రాయించాలో ఎన్నిసార్లు రాసుకుని చింపేశానో. చివరికి తాత దారే పట్టాను. ఒక పాఠం చదవాలి. అదే సంగతిని ఇంకో పుస్తకంలోనో, ఇంకో మనిషి నోటనో వెతకాలి. కంటితో చూడగలిగింది, చేత్తో తాకగలిగింది ఏదైనా ఉంటే అక్కడికి పోవాలి. రాయడం ఆ తర్వాతే.

మొన్న మొదటి పాఠంగా ఈ కథే చెప్పి, రాయమన్నాను. నా కూతురు పెన్ను మూత కూడా తీయలేదు.

"మంచిగనే చెప్పినవ్ అమ్మా. కానీ ఆ బండను నేను చూడకుండ ఎట్ల రాయాలె?"

"కన్నతల్లినే నమ్మకపాయె! ఇదేం చదువే?" అని అత్తమ్మ నవ్వింది. నవ్వుతూనే చెప్పులేసుకుంది, తనూ చూస్తానని.

ముగ్గురం షేర్ ఆటోలో మా పాత కాలనీకి పోయాం. కంపలు తప్పించుకుంటూ ముందు పోయిన నా కూతురు బండ మీద వంగింది. "ఉన్నయ్ అమ్మా!" అని అరిచింది, వేలు గాడిలోనే ఉంచి. వెంటనే అత్తమ్మ వైపు తిరిగి, మీ ఊళ్లో మోట ఎలా కొట్టేవాళ్లని అడగడం మొదలుపెట్టింది.

ఎవరేం చెప్పినా తట్టి వినే అలవాటు తాత నాకిచ్చాడు. తన మాటనే తట్టి చూసిన పిల్లను చూసి మురిసిపోయే మనసు కూడా ఆయనిచ్చిందేనని, ఆ బావి ఒడ్డున నిలబడ్డప్పుడు తెలిసింది.