నేర్పిన నొప్పి

జైల్లో గుండెనొప్పి నటించడం మా బ్యారక్‌కు నేర్పింది నేనే.

అంతకుముందు శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాణ్ణి. ఒక ట్రిప్పు దగ్గర మాటా మాటా పెరిగి తోటి డ్రైవరును జాకీ రాడ్డుతో కొట్టాను. అతను బతకలేదు. నాకు ఏడేళ్ల శిక్ష పడింది.

రెండో ఏడు ఒక ఉపాయం దొరికింది. ఛాతీ పట్టుకుని పడిపోతే బయటి పెద్ద దవాఖానకు తీసుకుపోతారు. ఏ రోజు పడిపోవాలో నా భార్య ములాఖత్‌కు వచ్చినప్పుడే ఇద్దరం అనుకునేవాళ్లం. ములాఖత్‌లో ఇనుప జాలీకి ఇటూ అటూ నిలబడి అరుచుకోవాలి. దవాఖాన వరండాలో అయితే చెయ్యి పట్టుకోవచ్చు. మా ఊరు పాల్మాకుల నుంచి ఆమె రెండు బస్సులు మారి వచ్చేది. నా నటన తలచుకుని ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

తర్వాత అడిగినవాళ్లందరికీ నేర్పాను. ఎడమ చెయ్యి ఛాతీ మీద, మెడ మీద కాసిన్ని నీళ్లు, మాట మధ్యలో ఆపాలి. కొన్నాళ్లకు కాపలా జవాన్లకు సంగతి తెలిసింది. ఎవరు ఛాతీ పట్టుకున్నా నవ్వేవాళ్లు.

నిజంగా గుండె చెడినవాళ్లు మా మధ్యే ఉన్నారని నాకు తోచలేదు. లేస్తే బీడీ, తింటే బీడీ, ములాఖత్‌కు ఎవరూ రాకపోతే ఇంకో బీడీ. నిద్ర ఉండదు, ఇంటి బెంగ పోదు. నలభై దాటనివాళ్లు కూడా బీపీ మాత్రల వరుసలో నిలబడేవాళ్లు.

ఆ వరుసలో మైలార్‌దేవ్‌పల్లి ఆయన ఒకడు. నాకన్నా పదేళ్లు పెద్ద, జైలు వంటశాలలో పని. నాకు ఇష్టమని గిన్నె అడుగున మాడిన అన్నం దాచి తెచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం భోజనాలై, బ్యారక్‌కు తాళం వేశాక, ఆయన గోడకు ఆనుకుని కుడి చేత్తో దవడ నొక్కుకుంటున్నాడు.

"ఏందన్నా, పన్ను నొప్పా?"

"పన్ను గాదు తమ్మీ. దవడ గుంజుతున్నది. వీపు సుత లాగుతున్నది. జర జవానును పిలువు."

నేను నవ్వాను. "గిట్ల చేస్తే ఎవడు నమ్ముతడే? దవడ గాదు, ఛాతీ పట్టుకో. ఎడమ చేత్తోని."

"అన్నకు ఇంకా ట్రైనింగ్ కాలే," అన్నాడు పక్కవాడు. అందరూ నవ్వారు.

ఆయన నా మొహం చూశాడు. నెమ్మదిగా చెయ్యి మార్చి ఛాతీ మీద పెట్టుకున్నాడు.

"గిట్లనా?" అన్నాడు.

మెడ మీద కారుతున్నది నీళ్లు కాదని అప్పుడు చూశాను. ఊచల దగ్గరికి ఉరికి అరిచాను. జవాను తీరిగ్గా వచ్చి, పిలిచింది నేనని చూసి నిలబడ్డాడు.

"ఇయ్యాల ఎవరి పెండ్లాం వస్తున్నదిరా దవాఖానకు?"

ఒట్లు వేశాను, కాళ్లు పట్టుకుంటానన్నాను. అది కూడా నటనలో భాగమే అనుకున్నాడు. తాళం తీసేసరికి చాలా ఆలస్యమైంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టినప్పుడూ ఆయన ఎడమ చెయ్యి నేను పెట్టమన్న చోటే ఉంది.

ఆయన మళ్లీ బ్యారక్‌కు రాలేదు. జవానును నేను ఏమీ అనలేను.

బయటికి వచ్చాక శంషాబాద్‌లో ఒక గోదాము గేటు దగ్గర కాపలా ఉంటున్నాను. బీడీ మానలేదు. మొన్న గోదాము మెట్లు ఎక్కుతుంటే దవడ గుంజింది. సగంలో కూర్చుండిపోయాను. వీపు కూడా లాగింది.

ఇంటికి వచ్చి చెప్పాను. నా భార్య బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది.

"నిజమేనా, గప్పటి లెక్కనా?"

దవడ మీద ఉన్న చెయ్యి తీసేశాను.

"ఏం లేదు," అన్నాను. "పన్ను."