కథ చూపించేదానికి పిల్చుకపోయిన టీచరమ్మ

మా టీచరమ్మ పోయారని మొన్న మంగళవారం పులివెందుల నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. "తొంభై దాటినాయి గదక్కా, బాధ పడకుండా పోయింది. ముందురోజు గూడా మనవరాలితో కథ చదివిచ్చుకోని వినింది" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింట్లోనే నిలబడిపోయాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, నేను జమ్మలమడుగులో ఐదో తరగతి చదివేటప్పుడు ఆమె మా బడికి వచ్చారు. అప్పటికి ఇరవై రెండేళ్ళుంటాయేమో. శనివారం చివరి గంటలో మాకు కథలు చదివేవారు. అన్నీ పిల్లల కోసం రాసే ఒకే రచయితవి. ఆయన కథల్లో పిల్లలు ఏడుస్తూ కూర్చోరు, లేచి ఏదో ఒకటి చేస్తారు. తప్పిపోయిన తమ్ముడి కోసం ఏరు ఈదిన అక్క కథంటే మాకు ప్రాణం. అదే సినిమాగా ప్రొద్దుటూరికి వచ్చిందని తెలిసి, టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి మమ్మల్ని పంపమని అడిగారు.

మా నాన్న బట్టల వ్యాపారి. "ఆడపిల్లోళ్ళకు సినిమా ఏందమ్మా?" అన్నాడు.

"సినిమాకు కాదప్పా. చదివిన కథను చూపించేదానికి పిల్చుకపోతాండా" అన్నారామె. నాన్న సరేనని తలూపాడు. అమ్మ నా జడకు రిబ్బను కట్టి పంపింది.

పద్నాలుగుమందిమి మ్యాట్నీకి వెళ్ళాం. తెర మీద అక్క ఏట్లో దిగిందో లేదో, కథలో లేని మనిషెవడో పాడుకుంటూ పడవలో వచ్చి ఎక్కించుకున్నాడు. గాజులంగడి సాయిబు కూతురు నా పక్క నుంచి లేచి, "అట్ల కాదు! ఆ పాపే ఈదల్ల!" అని అరిచింది. హాలంతా నవ్వింది. టీచరమ్మ మాత్రం "నిజమే, ఆ పాపే ఈదింది" అని గట్టిగానే అన్నారు.

బస్సులో అందరం మూతులు ముడుచుకున్నాం. "పుస్తకంలో నీళ్ళ సప్పుడు మీకు ఇనపడిందా? ఈడ ఇనపడింది గదా. దానికి సంతోషపడండి. పాప ఈదిన మాట మాత్రం మర్సిపోవద్దండి" అన్నారామె. ఊరు చేరేలోగా ఆ పడవవాడి పాటే అందరం పాడుతున్నాం.

నెల తిరగకముందే ఆమెను పులివెందులకు మార్చారు. ఆడపిల్లలను చెడగొడుతోందని ఊళ్ళో కొందరు అర్జీ పెట్టారట. ఆమె మాకా సంగతి చెప్పలేదు. చదువుతున్న కథ పూర్తిచేసి వెళ్ళారు.

మరుసటేడు నాన్న పేరున ఆమె రాసిన కార్డు వచ్చింది. ఆ రచయితదే ఇంకో కథ అక్కడి టూరింగ్ టాకీసులో ఆడుతోందట, పాపను పిలుచుకుని రమ్మన్నారు. నాన్న రెండు రోజులు ఆ కార్డును జేబులో పెట్టుకుని తిరిగి, మూడోరోజు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. డేరాలో ముగ్గురం ఇసుక మీద కూర్చుని మొదటి ఆట చూశాం. సినిమాలో పిల్ల తన మేకపిల్లను సంతలో వదిలి వచ్చేటప్పుడు నాన్న తువాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

బయటికొచ్చాక ఆయన ఆగిపోయాడు. "అమ్మా, మీ మీద పెట్టిన అర్జీలో నేనూ సంతకం పెట్నా."

"తెలుసప్పా, చూసినా. మీ చేతిరాత శానా బాగుంటాది" అన్నారామె. "కథ నచ్చిందా?"

నాన్న, "ఆ పుస్తకం దొరుకుతాదామ్మా?" అన్నాడు.

ఈనాటికీ ఏ కథ సినిమాగా వచ్చినా, పుస్తకంలో లాగా లేదని నేను విసుక్కోను. కొత్తగా ఏం వినపడుతుందా అని చెవి ఒగ్గుతాను. అది ఆమె పెట్టిన భిక్ష. ఇక నాన్నకు ఆమె ఏమిచ్చారో నేను కళ్ళారా చూశాను. మరుసటి పొద్దున తిరుగు బస్సులో ఆయన ఆ పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, పెదవులు కదిలిస్తూ చదువుతున్నాడు. దారిలో ముద్దనూరులో దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. ఆయన తల ఎత్తలేదు.