గుమ్మం బయట వసంత బూట్లు

నిన్న పొద్దున మెట్రో దిగి హాస్పిటల్ వైపు నడుస్తున్నాను. చేతిలో చారు ఫ్లాస్కు. నర్సు ఫోన్ చేసి "దీదీ, జల్దీ ఆయియే" అంది, త్వరగా రమ్మని.

ఆ గొంతు విన్నాక ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

మా వసంత లేదు.

మా తోబుట్టువులందరిలోకీ చిన్నది. నా చేతుల్లో పెరిగింది.

అది ఏం ఉద్యోగం చేసేదో చాలామందికి సరిగ్గా తెలియదు. తుఫానో, వరదో, భూకంపమో వస్తే, టీవీల వాళ్లు వెళ్లిపోయాక వసంత వెళ్లేది. కూలిన ఇళ్లు, చచ్చిన పశువులు, పాడైన మందులు... ఏది ఎక్కడికి చేరాలి, ఏది నీళ్లలో కలవకూడదు, అదంతా చూసేది.

తన సైట్లో ఒక పద్ధతి. ఇంటివాళ్లు వచ్చి చూసుకునేదాకా జేసీబీ కదలకూడదు. ఒక్కో వస్తువూ చూపించి అడిగించేది, ఉంచాలా, తీసేయాలా అని.

యమున పొంగిన ఏడాది మయూర్ విహార్‌లో మా ఫ్లాట్‌కి బస్తాతో వచ్చింది. బూట్లు గుమ్మం బయట విప్పి, బస్తా బాల్కనీలో గుమ్మరించింది. నది ఒడ్డు గుడిసెల్లో దొరికిన దేవుడి పటాలు. నిండా బురద.

"దేవుళ్లు నీ డిపార్ట్‌మెంట్, పెద్దక్కా. కడుగు."

"ఇంతమందినా?"

"రోజూ పేరుపేరునా పిలుస్తావుగా. వచ్చారు. ఇప్పుడు విసుక్కుంటే ఎలా?"

కడిగాను. వారమంతా ఎవరెవరో మా మెట్లెక్కి వచ్చి తమ పటాలు తీసుకెళ్లారు. ఒక దుర్గమ్మ కోసం మాత్రం ఎవరూ రాలేదు. ఆవిడ నా పూజగదిలోనే ఉండిపోయింది.

ఈసారి వరద సైట్ నుంచి జ్వరంతో నేరుగా నా దగ్గరికే వచ్చింది. "బురద నీళ్ల జ్వరం, తగ్గిపోతుందిలే" అంది.

తగ్గలేదు. డాక్టర్లు కిడ్నీలన్నారు. తర్వాత లంగ్స్ అన్నారు.

ఆ దుర్గమ్మనే అడిగాను. నిన్ను బురదలోంచి తెచ్చిన పిల్ల అమ్మా, దీన్ని నాకు వదిలెయ్ అని. ఇంకేమీ అడగలేదు.

వినలేదు.

ఇవాళ దీపం పెట్టాను. మైలలో పెట్టకూడదని తెలిసినా, చేతులు అలవాటు కొద్దీ పెట్టాయి. నోట ఒక్క నామం రాలేదు.

అప్పుడే చెత్త తీసుకెళ్లే భయ్యా బెల్ కొట్టాడు. గుమ్మం పక్కన వసంత బూట్లు, బురద ఎండిపోయి. వాటిని చూపించి "దీదీ, యే ఫేంక్ దూ?" అన్నాడు, పారేయనా అని.

లోపల్నుంచి మా తమ్ముడు, "ఇచ్చెయ్ పెద్దక్కా. పోయినవాళ్ల చెప్పులు ఇంట్లో ఉంచకూడదు" అన్నాడు.

వాడు అన్నదాంట్లో తప్పు లేదు. అది మన ఆచారం. కానీ వసంత పద్ధతి కూడా నాకు తెలుసు. ఇంటివాళ్లని అడగాలి. నన్ను అడిగారు.

"రహ్నే దో, భయ్యా" అన్నాను, ఉండనిమ్మని.

కుళాయి కింద ఒక బూటు కడిగాను. రెండోది కడగలేకపోయాను. ఆ బురద కూడా పోతే నా దగ్గర ఇంకేం ఉంటుంది?

వసంతా, ఇక చాలు తల్లీ. పొడినేల మీద హాయిగా పడుకో.

ఆ దుర్గమ్మ నాకివ్వని శాంతి నీకైనా ఇవ్వాలి.