అడగని డాక్టరు చెప్పిన మాట

అయిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. సభల్లో లేచి "ఆధారం చూపించండి" అని నిలదీసేవాడికి అది ఎంత బరువో నాకు తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేనుండేది నంద్యాల. మా చెల్లెలిది ఆళ్లగడ్డ. ఆమె కూతురికి అప్పుడు రెండున్నరేళ్లు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. మాటలు రాలేదు. ఏదైనా కావాలంటే మన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఆ వస్తువు మీద పెట్టేది. నా చెయ్యిని ఎన్నిసార్లు బిస్కెట్ల డబ్బా మీద పెట్టిందో.

అంగన్‌వాడీ టీచరు అది గమనించింది. నంద్యాలలో చిన్నపిల్లల ఎదుగుదలను పరీక్షించే కేంద్రానికి తీసుకెళ్లమని చీటీ రాసిచ్చింది. చెల్లెలు ఆ రోజే చీటీ నాకు పంపింది, డాక్టరును అడిగి చెప్పమని. నేను అడగలేదు. మూఢనమ్మకాల మీద చర్చకు తయారవుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. అసలు సంగతి భయం. డాక్టరు ఆటిజం అంటే? నేనూ నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదని అమ్మ చెప్పేది. ఆ ఒక్క ముచ్చటను రుజువుగా పెట్టుకున్నాను. ఎదుటివాడు అలాంటి రుజువు తెస్తే నేను ఊరుకునేవాణ్ణా?

ఆదివారం ఆళ్లగడ్డ పోయేసరికి చెల్లెలు బిడ్డ నుదుటికి పాస్టరు ఇచ్చిన ప్రార్థన నూనె రాస్తోంది.

"అడిగినావా అన్నా?"

"అడిగినా. ఏమీ ల్యాదన్నాడు. కొందరికి మాటలు ఆలస్యంగా వస్తాయంట."

"అయితే నంద్యాలకు తోల్కరావాల్నా?"

"యాడికీ వద్దు. ఆ నూనె గూడా వద్దు. బిడ్డను పూరీ చేస్తాండావా ఏంది?"

నవ్వింది. "పాస్టరయ్య చెప్తే రెండుతూర్లు ఆలోచిస్తా గానీ, నువ్వు అడిగినావంటే ఇంగేముందిలే."

ఆ నమ్మకం మీద రెండేళ్లు గడిచాయి.

అప్పటికీ మాటలు రాకపోయేసరికి చివరికి చెల్లెలే బిడ్డనెత్తుకుని బస్సెక్కి నంద్యాల వచ్చింది, నన్ను తోడు రమ్మంది. కేంద్రంలో థెరపిస్టు చాప మీద కూర్చుని సబ్బు బుడగలు ఊది, ఆపి, పాప తనవైపు చూసేదాకా ఎదురుచూసింది. ఎంతసేపో. పాప చూసింది, ఒక్క క్షణం. వెంటనే మళ్లీ బుడగలు. ఇంత చిన్న పనితోనా మొదలు?

"ఇంత ఆలస్యం ఎందుకైంది?" అని థెరపిస్టు అడిగింది. చెల్లెలు నోరు తెరవకముందే నేనే అన్నాను: "ప్రార్థనలని తిరిగినారు మేడమ్."

చెల్లెలు నావైపు చూసింది. పాప చేతులకంటిన సబ్బును కొంగుతో తుడిచింది.

నెల తిరక్కుండా నేనొక వ్యాసం రాశాను, విశ్వాసం వల్ల బిడ్డకు రెండేళ్లు పోగొట్టిన ఒక తల్లి గురించి. చాలామంది మెచ్చుకున్నారు. కాదనలేదు.

ముందే మొదలుపెట్టి ఉంటే ఈ బిడ్డకు ఎంత మేలు జరిగేదో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. ఆ మాట చాటున కూడా దాక్కోవాలని చూశాను. తేడా ఎంతో తెలియకపోవచ్చు. ఆ అవకాశాన్ని నేను అడ్డుకున్నది మాత్రం నిజం కాదా?

పాపకిప్పుడు ఏడున్నరేళ్లు. చెల్లెలు వారానికి రెండుసార్లు పాపను కేంద్రానికి తీసుకొస్తుంది, నేర్పిన ఆటలు ఇంట్లోనూ ఆడిస్తుంది. పాప కొన్ని మాటలంటుంది. ఉయ్యాల ఆపితే "ఇంగా" అని నా మొహంలోకి చూస్తుంది. ఆ చూపును ఎదుర్కోవడం నాకే చేతకాదు.

ఆ డాక్టరెవరని చెల్లెలు ఇంతవరకు అడగలేదు. తెలిసే అడగలేదేమో. క్షమించమని నేనూ అడగను. అడిగితే నన్ను ఓదార్చే పని కూడా ఆమె మీదే పడుతుంది. దీన్ని మాత్రం ఆ వ్యాసం అచ్చయిన చోటికే పంపుతున్నాను.

నేను ఏ డాక్టరునూ అడగలేదు. ఆ తల్లి ఆలస్యం చేయలేదు. చేసింది నేను. ఇది రాశాక ఊపిరి కాస్త నిండుగా ఆడుతోంది. అంతే.